ప్రూఫులు దిద్దే పిల్ల

వారపత్రిక చేతికి రాగానే మనం ముందు ఏం చూస్తాం? కొందరు సరాసరి సీరియల్ దగ్గరికి వెళ్తారు. కొందరు వెనకనుంచి తిరగేస్తూ వంటలూ, వారఫలాలూ చూసుకుని గానీ ముందుకి రారు. సంపాదకీయంతో మొదలుపెట్టే ఇల్లాళ్ళు కూడా లేకపోలేదు, వాళ్ళకో నమస్కారం. కానీ ప్రతి పత్రికలోనూ ఏదో ఒక మూల చీమతలకాయలంత అక్షరాలతో ఒక పెట్టె ఉంటుంది చూడండి. సంపాదకులు ఫలానా, ముద్రణ ఫలానా, చందా ఇంత అని. దాన్ని శ్రద్ధగా చదివేవాళ్ళు బహుశా అందులో పేరున్నవాళ్ళే. ఈ వారం నేను మాట్లాడబోయేది మాత్రం ఆ పెట్టెలో పేరు లేనివాళ్ళ గురించి.

వారపత్రికల సంగతి అలా ఉంచండి. సాహిత్య పరిశోధన పత్రికలని మరో జాతి ఉంది. అట్టమీద అందమైన అమ్మాయి బొమ్మ ఉండదు. లోపల సీరియల్ ఉండదు. ఒక్కో వ్యాసంలో పైన నాలుగు పంక్తులుంటే కింద నలభై పంక్తుల అధోజ్ఞాపికలుంటాయి. నన్నయ వాడిన ఒక ప్రత్యయం మీద ముగ్గురు పండితులు మూడు సంచికలపాటు కొట్లాడుకుంటారు. నవ్వకండి. మన భాషకి తిథీ వారం రాసిపెట్టేది ఆ పత్రికలే. ఏ కవి ఎప్పటివాడు, ఏ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ పుస్తకం ఎవరు అచ్చేశారు అన్న ప్రశ్నలకి రేపు మన మనవరాలు జవాబు వెతుక్కునేది వాటిల్లోనే.

అలాంటి పత్రికకి ఒక సంపాదకుడుంటారు. తరచు రిటైరైన ఆచార్యులే అయి ఉంటారు. ఒక టైపిస్టు ఉంటే ఉంటాడు. మిగిలిన పనంతా ఎవరు చేస్తారు? ఇదివరకు శిష్యులు చేసేవారు. ఇప్పుడు వాళ్ళకి కొత్త పేరొచ్చింది: ఇంటర్నులు.

ఈ మాట మీ ఇళ్ళలో వినపడుతూనే ఉండాలి. 2020లో జాతీయ విద్యావిధానం వచ్చాక డిగ్రీ చదువుల్లోకి ఇంటర్న్‌షిప్ బాగా దూరింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాదే మూడేళ్ళ డిగ్రీలో పది నెలలు ఇలా బయట పనిచేసి రావాలని నియమం పెట్టారు. కామర్సు పిల్లలు ఆడిటరు దగ్గరికి వెళ్తారు, సైన్సు పిల్లలు ల్యాబులకి వెళ్తారు. మరి తెలుగు ఐచ్ఛికంగా తీసుకుని బి.ఏ. చదివే ఆడపిల్ల ఎక్కడికి వెళ్ళాలి? అదృష్టం ఉంటే ఇలాంటి పత్రికకి వెళ్తుంది.

కేసముద్రంలో మా ఎదురింటి అమ్మాయి అలాగే వెళ్ళింది. తండ్రి మార్కెట్ యార్డులో గుమాస్తా. నగరంలో ఒక పరిశోధన పత్రికలో మూడు నెలలు పని. ఊరూ పేరూ నేను చెప్పను. చెప్పి ఒకరిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. జీతం లేదు. చివర్లో ఒక సర్టిఫికెట్, కాలేజీలో నాలుగు మార్కులు. హాస్టలు ఖర్చూ, సిటీ బస్సు చార్జీలూ ఇంటివాళ్ళవే. పిల్ల మాత్రం ఎగిరి గంతేసింది. పెద్ద పెద్ద వ్యాసాలు అచ్చుకి ముందే చదవొచ్చని దాని సంబరం.

వెళ్ళాక ఏం చేయించారు? చందాదారుల చిరునామాలు రాయించారు. కవర్ల మీద స్టాంపులు అంటింపించారు. వచ్చిన వ్యాసాలను కంప్యూటర్లో ఎక్కించి, ప్రూఫులు తీయించి, కామాలూ చుక్కలూ దిద్దించారు. మధ్యాహ్నం అతిథి వస్తే టీ కూడా తెప్పించారు. ఇందులో తప్పేం లేదు. మన ఇంట్లో కోడలు కూడా ముందు వంటిల్లు తెలుసుకోవాలంటాం గదా! కానీ కోడలికి ఆరు నెలలు పోయాకైనా కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే హక్కు వస్తుంది. ఈ పిల్లకి అది రాలేదు.

రెండో నెలలో దాని చేతికి తెలంగాణ తొలినాటి పత్రికల మీద ఒక వ్యాసం ప్రూఫు వచ్చింది. అందులో ఒక వాక్యం: 1922లో నల్లగొండ నుంచి తెనుగు పత్రిక, ఇనుగుర్తి నుంచి నీలగిరి పత్రిక వెలువడ్డాయని. గుళ్ళో చెప్పులు మారినట్టు రెండూ మారిపోయాయి. ఈ పిల్ల వెంటనే పట్టుకుంది. పట్టుకోక ఏం చేస్తుంది? ఇనుగుర్తి వాళ్ళ నాయనమ్మ పుట్టిల్లు.

లోపలికి వెళ్ళి చెప్పిందట. లోపలున్నాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "వ్యాసం రాసినాయన డాక్టరేటమ్మా. నువ్వు కామాలు చూసుకో" అన్నారట. సెలవులకొచ్చినప్పుడు నాతో ఈ ముక్క చెప్తూ, "నల్లగొండను సంస్కృతంల అంటే నీలగిరే గద అత్తమ్మా! ఇనుగుర్తి తెల్వకపోతే మానె, గదన్న తెల్వాలె గద!" అంది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

వ్యాసం అలాగే అచ్చయింది. తర్వాతి సంచికలో ఒక పెద్దమనిషి ఉత్తరం రాసి ఆ తప్పు ఎత్తిచూపితే, సంపాదకులు ఆయనకు కృతజ్ఞతలు తెలిపారు. ముందే చెప్పిన పిల్ల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఒక ఊరిపేరు తారుమారైతే కొంపలు మునిగాయా అంటారేమో. అయితే ఇనుగుర్తి కథ కాస్త వినండి.

మొన్నమొన్నటిదాకా కేసముద్రం మండలంలోదే ఆ ఊరు. 2022లో వేరే మండలమైంది. సరిగ్గా దానికి వందేళ్ళ ముందు, 1922లో, నిజాం పాలనలో, ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు ఆ పల్లెటూళ్ళోనే తెనుగు అనే వారపత్రిక పెట్టారు. కొలువుల్లోనూ కచేరీల్లోనూ ఉర్దూ ఏలుతున్న కాలమది. అంతకు నాలుగేళ్ళ ముందు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలోనే. అప్పుడు ఒక పల్లెలో తెలుగు అచ్చుయంత్రం తిరిగిందంటే మాటలా? రాయడం వాళ్ళే, అక్షరాలు కూర్చడం వాళ్ళే, అచ్చు వేయడం వాళ్ళే. అదే ఏడాది నల్లగొండలో షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు నీలగిరి పత్రిక నడిపారు. రెండు ఊళ్ళు, రెండు పత్రికలు, ఇద్దరి కష్టం. ఒకరి కష్టాన్ని ఇంకొకరి ఊరికి రాయడం అచ్చుతప్పు కిందికి రాదు.

పైగా మన ప్రాంతంలో ఇలాంటి తప్పులకి ఒక చరిత్ర ఉంది. తెలంగాణలో కవులే లేరన్న ధోరణిలో ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డిగారు వాదనకి దిగకుండా ఊరూరి నుంచీ కవుల పేర్లూ పద్యాలూ తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. మూడు వందల యాభైనలుగురు కవులు! ఒక్కొక్కరికీ ఊరుంది, పేరుంది. ఆ సంచిక బలమంతా అందులోనే ఉంది. పరిశోధన పత్రికకి ఊరిపేరు అంత ముఖ్యం. ఆ ఊరిపేరు తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి చెప్తూంటే కామాలు చూసుకోమనడం ఎంత పొరపాటో ఇప్పుడు చెప్పండి.

ఒద్దిరాజువారి పనిని తలచుకున్నప్పుడల్లా నాకు ఇంగ్లండులోని మరో ఇల్లు గుర్తొస్తుంది. వర్జీనియా వుల్ఫ్ పేరు మనలో చాలామంది డిగ్రీలో విన్నదే. ఆవిడా, భర్త లెనార్డూ 1917లో చేత్తో తిప్పే ఒక చిన్న అచ్చుయంత్రం కొనుక్కుని ఇంట్లోనే పెట్టుకున్నారు. హోగార్త్ ప్రెస్ అని దానికి పేరు. ఆవిడ ఆరోగ్యం సరిగా ఉండేది కాదు. చేతికి పనుంటే మనసు కుదుటపడుతుందని భర్త ఆలోచన. అంత గొప్ప రచయిత్రీ సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చి, ఎలియట్ రాసిన వేస్ట్ లాండ్ కావ్యాన్ని 1923లో కూర్చింది. అక్కడ ఆవిడా, ఇక్కడ ఇనుగుర్తి సోదరులూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇంచుమించు ఒకే కాలంలో అదే పని చేశారు. అక్షరం చేత్తో పట్టుకున్నవాళ్ళకి వాక్యం బరువు తెలుస్తుందంటే నేను నమ్ముతాను.

ఆ వుల్ఫ్ దంపతుల దగ్గరికి రిచర్డ్ కెన్నెడీ అనే పదహారేళ్ళ కుర్రాడు పనికి కుదిరాడు. పొట్లాలు కట్టడం, పుస్తకాలు మోయడం, పిలిచినప్పుడు పలకడం. మన ఇంటర్నే అనుకోండి. నలభై ఏళ్ళు పైబడ్డాక, 1972లో, హోగార్త్ ప్రెస్సులో ఒక కుర్రాడు అనే అర్థం వచ్చే పేరుతో తన బొమ్మలతో తనే ఒక చిన్న పుస్తకం వేశాడు. ఎందరో పండితులు ఆ దంపతుల మీద లావుపాటి పుస్తకాలు రాశారు గానీ, నేలమాళిగలో పొట్లాలు కట్టిన పిల్లాడి కంటికి కనపడింది వాళ్ళకి ఎలా కనపడుతుంది? సంపాదకులారా, మీ గదిలో మూల కూచుని కవర్లు అతికించే పిల్ల కూడా చూస్తూనే ఉంటుంది. కాస్త జాగ్రత్త సుమా!

మనవైపు ఇంతకంటె మంచి ఉదాహరణ ఉంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టినప్పుడు మద్రాసులో ఆయనకి సహాయకుడిగా మల్లంపల్లి సోమశేఖరశర్మ అనే యువకుడు చేరాడు. డిగ్రీ లేదు. చేతిలో ఉన్నది శ్రద్ధ ఒక్కటే. గ్రంథాలయాల్లో కూచుని పుస్తకాలు తిరగేయడం, శాసనాలు చదవడం, వ్యాసాలకి సామగ్రి పోగుచేయడం అతని పని. లక్ష్మణరావుగారు 1923లో పోయారు. సర్వస్వం అకారం దాటకుండానే ఆగిపోయింది. కానీ ఆ పనిలో తయారైన మనిషి ఆగలేదు. రెడ్డిరాజుల చరిత్ర మీద ప్రామాణిక గ్రంథం రాశాడు. పట్టా లేకుండానే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించాడు. పుస్తకం సగంలో ఆగినా మనిషి పూర్తిగా తయారయ్యాడన్నమాట. నా దృష్టిలో ఆ సర్వస్వానికి అదే పెద్ద సంపుటం.

లక్ష్మణరావుగారికి ఇది ఇంట్లో అబ్బిన గుణం అనిపిస్తుంది. ఆయన అక్కగారు భండారు అచ్చమాంబ. తమ్ముడు ఆవిడింట్లో ఉండి చదువుకుంటూంటే పక్కన కూచుని ఆవిడ కూడా చదువుకుంది. బడి మెట్లెక్కని ఆ ఇల్లాలు 1902లో ధనత్రయోదశి కథ రాసింది. అబలా సచ్చరిత్ర రత్నమాల కూర్చింది. అంటే పక్కన కూచున్నవాళ్ళకి చదువు పంచడమన్నది ఆ ఇంట్లో అంతకుముందే ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. జీతం లేకుండా చేసే పనికి మా జిల్లాల్లో ఒక పాత పేరుంది: వెట్టి. మరో పాత పేరు కూడా ఉంది: శిష్యరికం. రెండిట్లోనూ డబ్బు చేతికి రాదు. రెండిట్లోనూ నీళ్ళు మోయాలి, చెప్పిన పని చేయాలి. మరి తేడా ఎక్కడుంది? శిష్యుడికి ప్రశ్న అడిగే హక్కుంటుంది, వెట్టివాడికి ఉండదు. నీళ్ళు మోశాక శిష్యుణ్ణి కూచోబెట్టి పాఠం చెప్తారు. వెట్టివాణ్ణి మళ్ళీ నీళ్ళకే పంపిస్తారు. ఈ ఒక్క కొలతతో కొలిస్తే చాలు, మన పిల్ల వెళ్ళిన చోటు ఏమిటో తెలిసిపోతుంది.

ప్రూఫులు దిద్దడం చిన్నపని అనుకునేవాళ్ళు దాన్ని ఎప్పుడూ చేసి ఉండరు. మామూలు పాఠకుడు మాటని చూస్తాడు. ప్రూఫులు దిద్దేవాడు అక్షరాన్ని చూస్తాడు. మూలానికీ అచ్చుకీ మధ్య వేలు పెట్టి పంక్తి పంక్తీ కదలాలి. ఒత్తు పోయిందా, సున్నా పడిందా, పద్యంలో గణం తప్పిందా? కిందనున్న సంఖ్యకీ పైనున్న సంఖ్యకీ జోడు కుదిరిందా? అచ్చుతప్పులకి మన పెద్దలు ముద్రారాక్షసాలని ముద్దుపేరు పెట్టారు. ఆ రాక్షసాల్ని పట్టేవాళ్ళకి నిఘంటువు తిరగేయడం అలవాటవుతుంది. గణవిభజన మళ్ళీ గుర్తొస్తుంది. రచయిత ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ తెలియక తెలిసినట్టు రాశాడో కూడా కనపడుతుంది. ఎమ్మే క్లాసులో రెండేళ్ళు చెప్పినా రానంత విమర్శజ్ఞానం మూడు నెలల ప్రూఫుల్లో వస్తుంది. అయితే ఒక షరతు. "ఇదెందుకిలా ఉంది?" అని పిల్ల అడిగినప్పుడు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

సంపాదకుల కష్టాలు నాకు తెలియవని కాదు. సాహిత్య పత్రిక నడపడమంటే చేతిచమురు వదిలించుకోవడమే. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు పెట్టిన భారతి, మన పండితులూ కవులూ అందరూ కనిపించాలని ఉబలాటపడిన పత్రిక, 1991లో ఆగిపోయింది. భారతికే తప్పనిది చిన్న పత్రికలకి తప్పుతుందా? చందాలు పోస్టు ఖర్చులకి చాలవు. ఇంటర్నుకి ఇమ్మంటే ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తారు? న్యాయమే.

కానీ పత్రికలన్నీ అంత నిరుపేదవీ కావు, అంత పవిత్రమైనవీ కావు. కాలేజీ ఉద్యోగాలకీ ప్రమోషన్లకీ అచ్చయిన వ్యాసాలుండాలన్న నిబంధన వచ్చాక, డబ్బు పుచ్చుకుని వ్యాసం వేసే దుకాణాలు పుట్టుకొచ్చాయి. మంచివాటినీ చెడ్డవాటినీ వేరు చేయడానికి యూజీసీ వారు 2018లో కేర్ అని ఒక జాబితా మొదలుపెట్టి, 2025లో దాన్ని కాస్తా ఎత్తేశారు. ఇప్పుడు ఏది గింజో ఏది పొల్లో చూసుకోవలసిన బాధ్యత ఎవరికి వారిదే. అలాంటి దుకాణంలో మన పిల్ల మూడు నెలలుంటే ఏం నేర్చుకుంటుంది? వ్యాసం చదవకుండా అచ్చేయడం ఎలాగో నేర్చుకుంటుంది. అది నేర్వకపోవడమే మేలు.

పిల్లల వైపు తప్పులు లేవా అంటే, ఉన్నాయి. సర్టిఫికెట్ కోసం వచ్చి సంతకం పెట్టి మాయమయ్యేవాళ్ళున్నారు. దిద్దమని ఇచ్చిన ప్రూఫును కంప్యూటర్ యంత్రానికి అప్పగించి, అది మార్చినవన్నీ తలూపి ఒప్పుకునేవాళ్ళున్నారు. ఆ యంత్రానికి ఇనుగుర్తిలో నాయనమ్మ లేదు పాపం! దానికి తెలిసింది ఎవరో ఇదివరకు రాసిందే. రాసినవాళ్ళు తప్పు రాస్తే అదీ తప్పే చెప్తుంది. అందుకే ఊరు తెలిసిన మనిషి అవసరం ఇప్పుడు తగ్గలేదు సరికదా, పెరిగింది.

పిల్లలకి పెత్తనమిస్తే పత్రిక పాడైపోతుందని భయపడేవాళ్ళకి ఒక మాట. అమెరికాలో హార్వర్డ్ లా రివ్యూ అని న్యాయశాస్త్ర పత్రిక ఉంది. 1887 నుంచీ దాన్ని నడుపుతున్నది విద్యార్థులే. పేరుమోసిన ఆచార్యుల వ్యాసాలు కూడా విద్యార్థుల బల్లమీదికే వస్తాయి. వద్దంటే వద్దే. 1976లో సూసన్ ఎస్ట్రిచ్ దానికి మొదటి మహిళా అధ్యక్షురాలైంది. 1990లో ఆ కుర్చీలో కూచున్నవాడు బరాక్ ఒబామా. వాళ్ళు పెద్ద క్లాసుల పిల్లలు, మనవాళ్ళు డిగ్రీ పిల్లలు అంటారా? పోనీ, మొత్తం కుర్చీ ఇవ్వకండి. పక్కన పీట వేసి, "ఈ వ్యాసం గురించి నీకేమనిపించింది?" అని నెలకోసారి అడగండి. దానికి ఖర్చేమిటి?

ఖర్చు మాట వచ్చింది కాబట్టి అదీ అనేస్తాను. అచ్చుపని నేర్చుకోడానికి అప్రెంటిస్‌గా నమోదైన కుర్రాడికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం స్టైపెండు ఇవ్వాలి. మా కేసముద్రం మార్కెట్లో మిర్చి బస్తా, పసుపు బస్తా మోసే హమాలీకి బస్తాకింత అని కూలి ఉంది. పెద్ద పెద్ద పద్యాల్లో అక్షరదోషాలు ఏరే పిల్లకి మాత్రం ఏమీ లేదు. చదువుకున్న పని కాబట్టి గౌరవంతో సరిపెట్టుకోవాలి కాబోలు. దీనివల్ల నష్టపోయేది ఎవరు? నగరంలో సొంత ఇల్లున్న పిల్లకి మూడు నెలలు ఉచితంగా చేయడం కష్టం కాదు. పొద్దున అన్నం తిని వెళ్ళి సాయంత్రం ఇంటికొస్తుంది. కేసముద్రం నుంచో కొత్తగూడ నుంచో వచ్చే పిల్లకి హాస్టలు డబ్బులు తండ్రి అప్పు తేవాలి. కాబట్టి ఆ పిల్ల రాదు. రాకపోతే ఇనుగుర్తి ఎక్కడుందో తెలిసినవాళ్ళు ఆ గదిలో ఎవరూ ఉండరు. బస్సు చార్జీ, మధ్యాహ్న భోజనం, ఇంత మాత్రం ఇవ్వలేని పత్రిక ముగ్గురిని కాకుండా ఒక్కరినే పెట్టుకుంటే పోలా?

ఇక పేరు సంగతి. పేరు వేయమంటే ఈ కాలం పిల్లలకి గొప్పలు కావాలని విసుక్కునే పెద్దలున్నారు. పేరంటే అలంకారమే అనుకోకండి. 1966లో వరంగల్లులో మొదలైన సృజన పత్రిక సంగతి చూడండి. వరవరరావుగారు జైల్లో ఉన్న కాలంలో ఆయన భార్య హేమలతగారి పేరు సంపాదకురాలిగా వచ్చింది. ఆ పత్రిక రాజకీయం మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. అది వేరే చర్చ. కానీ పత్రిక మీద కేసు నడిచినప్పుడు కోర్టు మెట్లెక్కింది ఆ పేరున్న ఇల్లాలే. పేరుంటే బాధ్యత కూడా ఉంటుంది. ప్రూఫులు దిద్దినవారు ఫలానా అని చిన్నక్షరాల పెట్టెలో ఒక్క పంక్తి వేసి చూడండి, ఆ పిల్ల రాత్రి రెండు గంటలదాకా కూచుని మరోసారి చదువుతుంది. తప్పు పోతే నలుగురిలో తన పేరు పోతుందని దానికి తెలుసు. పేరు లేని చేతికి ఆ భయమూ లేదు, ఆ సంతోషమూ లేదు.

మరి ఆ ఎదురింటి అమ్మాయి ఏం చేసిందంటారా? గొడవేం పెట్టుకోలేదు. మూడు నెలలూ పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఇంటికొచ్చాక మాత్రం ఒక నోటుపుస్తకం తెరిచింది. తను దిద్దిన వ్యాసాల్లో మన జిల్లాల ఊళ్ళపేర్లు ఎక్కడెక్కడ తప్పు పడ్డాయో ఒక వైపు, సరైన పేరు మరో వైపు, ఆ సంగతి ఎవరిని అడిగి తెలుసుకుందో మూడో గడిలో రాస్తోంది. మూడో గడిలో ఎక్కువగా ఉన్నవి ముసలమ్మల పేర్లే. అది చూసి నాకు ముచ్చటేసింది. ఇది పరిశోధన కాకపోతే మరేది పరిశోధన? ఆ పత్రికవాళ్ళు ఒక్క పూట కూచోబెట్టి అడిగి ఉంటే ఈ నోటుపుస్తకం వాళ్ళ బల్లమీద ఉండేది. ఇప్పుడు వాళ్ళింటి అటకమీద బియ్యం డబ్బా పక్కన ఉంది.

చివరగా తల్లులతో రెండు మాటలు. ఆడపిల్ల పత్రికలో పనికి వెళ్తానంటే మనం అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. ఎంతిస్తారు, ఎప్పుడొస్తావు, అక్కడ ఇంకా ఎవరుంటారు? ఇవన్నీ అడగవలసినవే, ఒక్కటీ మానకండి. వాటితోపాటు వారానికోసారి ఫోనులో ఇంకో ప్రశ్న కూడా అడగండి. "ఈ వారం ఏం తప్పు పట్టుకున్నావే? చెప్తే విన్నారా?" అని. పట్టుకున్నాను, విన్నారు అంటే, ఖర్చు కాస్త ఎక్కువైనా ఉండనివ్వండి. అక్కడ పిల్లకి చదువు దొరుకుతోంది. పట్టుకున్నాను గానీ వినలేదు అని రెండుసార్లు చెప్పిందంటే, సర్టిఫికెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, వచ్చేయమనండి.